వంకాయ రంగు దారం

పెళ్ళయి నాలుగు వారాలు కూడా నిండలేదు కాబట్టి బుల్లికి లోకంలో ప్రతిదీ జంటగానే కనిపిస్తోంది. బాత్రూములో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే కాసేపు నిలబడి చూసుకుంటుంది. తాళంచెవులు రెండు. టీ కప్పులు రెండు, అందులో ఒకదానికి చెవి విరిగింది, ఆ విరిగిన కప్పు నాకంటే నాకని పొద్దున్నే ఇద్దరూ దెబ్బలాడుకుంటారు. కొత్త ఇంటి తలుపు కాస్త పైకెత్తి తోస్తేగాని తెరుచుకోదు. అదీ ఆమెకి ముద్దుగానే ఉంది. మొగుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఇంటికి రాగానే ఆమె మొహంలోకి చూసి, ఎడమ కన్ను అలిసిపోయిందంటాడట. మరి కుడి కన్ను సంగతేమిటని వార్డులో పెద్దక్క అడిగితే, అది ఆయన్నే చూస్తుంటుంది కదా, అలిసిపోదని చెప్పి, మందుల ట్రాలీ తోసుకుంటూ సిగ్గుతో పారిపోయింది.

పేరుకి సిస్టరేగాని మనిషి అయిదడుగులు కూడా ఉండదు. సీసం ఏప్రన్ తొడుక్కుంటే కింద చెప్పులు మాత్రమే కనబడతాయి. అందుకే బుల్లి. ఆ పేరు పెట్టింది పెద్దక్కే. పెద్దక్క అంటే ఆ వార్డుకి పెద్ద నర్సు. వయసులో తల్లి కావలసింది, పిలుపులో అక్క అయింది. మూడేళ్ళ కిందట బుల్లి సూది గుచ్చడానికి చేతులు వణికే పిల్లగా వస్తే, తన పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది. తన టిఫిన్ డబ్బాలో సగం ఈమెకి పెట్టనిదే మూత వేసేది కాదు.

ఆ వార్డులో ఉండేవాళ్ళంతా కాలేయంలో కాన్సరు గడ్డ ఉండి, కోసి తీయడానికి వీల్లేనివాళ్ళు. తొడ మొదట్లో ఉన్న రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని ఎక్స్‌రేలో చూసుకుంటూ కాలేయం దాకా ఎక్కించి, వెంట్రుక కంటే సన్నటి గాజు పూసల్ని గడ్డలోకి వదులుతారు. ఆ పూసల్లో రేడియేషన్ ఉంటుంది. అవి అక్కడే కూర్చుని గడ్డని లోపల్నుంచి కాలుస్తాయి. అసలు పని చేసే ముందు ఒకసారి ఉత్తుత్తి మందుతో రిహార్సల్ చేస్తారు, పూసలు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకో పొట్టలోకో పోతాయేమో చూసుకోవడానికి.

ఒక్క చేతి మీద అయ్యే పని కాదది. సోమవారం సోమవారం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. లివర్ డాక్టరు, గొట్టం ఎక్కించే డాక్టరు, పూసల మోతాదు లెక్కగట్టి అందరి రేడియేషన్ జాగ్రత్తలూ చూసే లెక్కల మాస్టారు, రోగి నిన్న ఎన్ని ముద్దలు తిన్నాడో అడగనిదే వదలని ఆహార నిపుణురాలు. ఈవిడ్ని అందరూ ముద్దలమ్మ అంటారు. వీళ్ళ మాటల్ని రోగికి అర్థమయ్యేలా కిందికి దింపేదీ, రోగి చెప్పుకోలేని బాధని వీళ్ళ దాకా ఎక్కించేదీ నర్సులు. ఆ బల్ల దగ్గర పెద్దక్క నోరు విప్పితే డాక్టర్లు కూడా పెన్నులు ఆపేవారు.

పూసల గదిలోకి వెళ్ళేవాళ్ళంతా ఏప్రన్ మెడ దగ్గర అగ్గిపెట్టెంత బ్యాడ్జీ పెట్టుకోవాలి. తొడుక్కున్న మనిషి మీద ఎంత రేడియేషన్ పడిందో అది పట్టి ఉంచుకుంటుంది. నెలాఖరుకి లోపలి బిళ్ళ తీసి పరీక్షకి పంపిస్తారు, పై డబ్బా మాత్రం ఎవరిది వాళ్ళదే. వచ్చే నెల మధ్యలో ఎవరికెంత పడిందో చిట్టా వస్తుంది. పని అయ్యాక బ్యాడ్జీని గది బయట చెక్క మీదున్న కొక్కేనికి తగిలించి వెళ్ళాలి. నాలుగో కొక్కెం పెద్దక్కది. పదకొండోది బుల్లిది.

బుల్లి బ్యాడ్జీకి దారం చుట్టింది ఒక రోగి, టైలరు బాబాయి. కిందటి నెలలో, ఆమె పెళ్ళి సెలవుకి ముందు, మొదటిసారి వార్డుకి వచ్చాడాయన. గొట్టం సంగతి ఆమె విడమరిచి చెబుతుంటే శ్రద్ధగా విని, అంటే చీకట్లో సూదిలోకి దారం ఎక్కించడమన్నమాట, నేను ముప్ఫై ఏళ్ళ కిందటే మానేశాను ఆ విద్య, అన్నాడు. తర్వాత ఆయన కళ్ళు చెక్క మీద పడ్డాయి. అన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయే, కలిసిపోవా తల్లీ, అని అడిగాడు. నంబర్లుంటాయని ఆమె చెబితే, నంబరు ఎవరు చూస్తారు, కంటికి ఆనాలిగాని, అని జేబులోంచి దారపు బొబ్బిన్ తీశాడు. వంకాయ రంగు. బ్యాడ్జీ క్లిప్పు చుట్టూ పదిసార్లు తిప్పి, చివర ఒక ముడి వేసి పంటితో కొరికాడు. "ఈ ముడి నా చేతిలో తప్ప పడదు. ఎక్కడ చూసినా గుర్తుపడతాను" అన్నాడు.

బుల్లి ఆ బ్యాడ్జీని ఆరోజు అందరికీ చూపించింది. పెద్దక్కకి రెండుసార్లు చూపించింది.

*

చిట్టా సోమవారం వచ్చింది. లెక్కల మాస్టారు మామూలుగా చదువుకుంటూ పోతూ ముందు నాలుగో నంబరు దగ్గర ఆగారు. చూడండి, అందరికంటే ఎక్కువ కేసులు చేసి కూడా ఎంత తక్కువో, జాగ్రత్త అంటే ఇదీ, అని మెచ్చుకున్నారు. పెద్దక్క తల వంచుకుంది. మొహమాటమనుకున్నారంతా. తర్వాత పదకొండు దగ్గర ఆగారు. ఈసారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. నెలకి మామూలుగా పడేదానికి నాలుగింతలుంది.

పది రోజులు సెలవులో కూడా ఉన్నావు కదమ్మా, మిగిలిన రోజుల్లోనే ఇంతా, అని అడిగారాయన. బుల్లి జవాబు చెప్పేలోపు పెద్దక్కే అందుకుంది. ఇది గాజు తెర వెనక నిలబడితేగా మాస్టారూ, రోగి ఏడిస్తే చాలు వెళ్ళి చెయ్యి పట్టుకుని నిలబడుతుంది, సెలవుకి ముందు డ్యూటీలు కూడా కలిపి చేసింది, అని చెప్పింది.

ఆ మాట అబద్ధం కాదు, అదే చిక్కు. ఆ నెల మొదట్లో ఒక ముసలావిడ వణికిపోతుంటే బుల్లి గంటన్నర సేపు ఆమె చెయ్యి వదల్లేదు. ఆ గంటన్నరే ఇంత చేసిందనుకుంది. మూడు నెలలు పూసల గదిలోకి అడుగు పెట్టకూడదనీ, రెండు రోజుల్లో సంజాయిషీ రాసివ్వాలనీ నిర్ణయించారు. బ్యాడ్జీని మాస్టారు తన సొరుగులో పెట్టుకున్నారు. లేస్తూ ఆయన మెల్లగా, ఇది ప్రాణం మీదకి వచ్చేదేం కాదమ్మా, కాకపోతే కడుపులో ఏదైనా ఉందని అనుమానముంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా చెప్పు, అన్నారు.

బుల్లికి నెలసరి ఆరు రోజులు దాటింది. ఆ సంగతి లోకంలో ఒక్క పెద్దక్కకే తెలుసు. ముందురోజే, ఆదివారం డ్యూటీలో, చెవిలో చెప్పింది. మొగుడికి కూడా చెప్పలేదు. గట్టిగా తెలిశాక చెబితే ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూడాలని దాచుకుంది. పెద్దక్క ఆమె బుగ్గ గిల్లి, నీ అంత బుల్లిదే పుడుతుందిలే అంది.

సోమవారం మధ్యాహ్నం దుప్పట్ల గదిలో బుల్లి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంటే, పెద్దక్క పక్కనే కూర్చుని వీపు నిమిరింది. ఏం కాదులే అంది. అయిదారుసార్లు అంది. మర్నాడు సంజాయిషీ కూడా తనే చెప్పి రాయించింది. "నియమం తెలిసి కూడా నిర్లక్ష్యంతో" అన్న దగ్గర బుల్లి పెన్ను ఆగింది. నిర్లక్ష్యం కాదు కదక్కా, ఆవిడ భయపడిందనేగా, అంది. ఒక్క మాటే కదే, ఆ మాట ఉంటే వాళ్ళు ఇక తవ్వరు, రాసెయ్, అంది పెద్దక్క. రాసేసింది. సంతకం పెడుతుంటే పెద్దక్క కాగితం జరగకుండా వేలితో అదిమి పట్టుకుంది.

కడుపు సంగతి తేల్చుకోవడానికి కొన్న పరీక్ష పట్టీ హ్యాండ్‌బ్యాగులో చేతిరుమాలు మడతలో అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ లేదని తేలుతుందేమోనన్న భయంతో విప్పలేదు. ఇప్పుడు ఉందని తేలుతుందేమోనన్న భయంతో విప్పలేదు. రెండు రాత్రులు మొగుడు ఎడమ కన్ను, కుడి కన్ను రెండూ అలిసిపోయాయన్నాడు.

*

గురువారం టైలరు బాబాయికి అసలు పూసలు వేశారు. కామెర్లు కాస్త తగ్గి, ముద్దలమ్మ లెక్క ప్రకారం ఒంట్లో బలం పుంజుకునే దాకా మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. గదిలోకి వెళ్ళే వీల్లేదు కాబట్టి బుల్లి బయట వార్డులో ఆయన మంచం సిద్ధం చేసుకుని కూర్చుంది. పదకొండింటికి తీసుకొచ్చి పడుకోబెట్టారు. తొడ దగ్గర గొట్టం పెట్టిన చోట రక్తం కారకుండా ఆరు గంటలు ఆ కాలు కదపకూడదు. పావుగంటకోసారి ఆమె కట్టు చూడాలి, పాదం మీద నాడి చూడాలి, కాలు చల్లబడుతోందా, వాంతి వచ్చేలా ఉందా, పొట్టలో నొప్పి పెరుగుతోందా అడిగి రాసుకోవాలి.

"నలభై ఏళ్ళు మిషను తొక్కిన కాలమ్మా ఇది. నిద్రలో కూడా తొక్కుతుంది" అన్నాడాయన.

"నన్నే తొక్కేది" అంది పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య, తల ఎత్తకుండా.

బుల్లికి నవ్వొచ్చింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఇంటికెళ్ళాక వారం రోజులు విడిగా పడుకోవాలనీ, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదనీ, కడుపుతో ఉన్నవాళ్ళు దగ్గరికి రాకూడదనీ ఆవిడకి చెబుతుంటే ఆ చివరి మాట దగ్గర తెలియకుండానే మంచం నుంచి ఒక అడుగు వెనక్కి జరిగింది. ఆవిడ గమనించలేదు. విడిగా పడుకోవడమంటే మా కాళ్ళకి సెలవన్నమాట అని, మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి లేచి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళగానే టైలరు బాబాయి పైకప్పు వైపు చూస్తూ, చాలాసేపటినుంచి మనసులో పెట్టుకున్న మాటలా అన్నాడు.

"నచ్చకపోతే నాకే తిరిగిచ్చెయ్యాల్సింది, తల్లీ."

"ఏమిటి బాబాయ్?"

"దారం. ఆ పెద్ద సిస్టరుకి ఇచ్చేశావుగా. నేనేం అనుకోనులే. కాకపోతే నీ కోసం చుట్టాను."

ఇవ్వలేదని చెప్పింది బుల్లి. ఎక్కడ చూశారని అడిగింది. రిహార్సల్ నాడు చూశానన్నాడు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే చూడటానికి ఇంకేముంటుంది, పైన లైటు, పక్కన వంగి నిలబడ్డవాళ్ళ గడ్డాలు, అంతే కదా. పెద్ద సిస్టరు ఏప్రన్ కాలరు కిందికి మడిచి ఉంది. నిలబడినవాళ్ళకి కనబడదు. కిందనుంచి చూసేవాడికి మడత లోపల బ్యాడ్జీ కనబడుతుంది, దాని క్లిప్పుకి వంకాయ రంగు దారం.

"వేరే దారమేమో" అంది బుల్లి.

"నా ముడి నాకు తెలీదా?" అన్నాడాయన.

రిహార్సల్ నాటికి బుల్లి సెలవులో ఉంది. సరిగ్గా ఆ పొద్దున కొత్త ఇంట్లో, ఆ తలుపుని ఎంత ఎత్తితే తెరుచుకుంటుందో మొగుడూ తనూ నవ్వుకుంటూ నేర్చుకుంటున్నారు. బ్యాడ్జీ మాత్రం పదకొండో కొక్కేనికి ఉంది. ఉందనుకుంది.

ఆమె నాడి చూసింది, కట్టు చూసింది, కాగితం మీద టైము వేసింది. పక్క మంచం సిస్టరుని పిలిచి పది నిమిషాలు చూడమని అప్పజెప్పింది. అప్పుడు లేచింది.

*

పెద్దక్క ఏప్రన్ల గదిలో ఉంది. కేసు అయ్యాక అందరి కాళ్ళ తొడుగులూ రేడియేషన్ మీటరుతో పరీక్షించి, ఏమీ అంటలేదని చూసి సంచిలో వేస్తోంది. బుల్లిని చూసి, తిన్నావా అని అడిగింది. డబ్బాలో సగం ఉంచానంది.

బుల్లి తలుపు వేసింది. టైలరు బాబాయి ఏం చూశాడో చెప్పింది. పెద్దక్క చేతిలోని మీటరు కాసేపు టిక్కు టిక్కుమంటూనే ఉంది. తర్వాత దాన్ని ఆపేసి బల్ల మీద పెట్టింది. అబద్ధమని అనలేదు. అంటుందేమోనని, అంటే నమ్మేద్దామని, బుల్లి ఒక్క క్షణం ఎదురుచూసింది కూడా.

కూర్చోవే అంది పెద్దక్క. బుల్లి కూర్చోలేదు. అప్పుడు చెప్పుకొచ్చింది. ఆవిడ రేడియేషన్ లెక్క ఈ ఏడాదికి ఉన్న హద్దు దాకా వచ్చేసిందట. ఇంకొక్క నెల మామూలుగా పడితే ఏడాది చివరి దాకా గదిలోకి రానివ్వరు, చీట్లు రాసే కుర్చీలో కూర్చోబెడతారు. ఈ పని మొదలైన నాటినుంచి తను లేకుండా ఒక్క కేసు జరగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి గొట్టం డాక్టరు కనుసైగ కూడా అర్థం కాదు. బుల్లి సెలవులో ఉంది, దాని బ్యాడ్జీ ఊరికే వేలాడుతోంది. ఆ నెల దానికి ఎలాగూ తక్కువ పడుతుంది, ఇంకాస్త కలిస్తే మామూలుగా కనబడుతుందనుకుంది. ఆ పది రోజుల్లో ఇన్ని కేసులొస్తాయని, అవి ఇంత సేపు పడతాయని అనుకోలేదు.

"నా నంబరైతే ఉద్యోగం పోయినట్టే. నీదైతే మూడు నెలలేగా. చిన్నదానివి, అందరూ మరిచిపోతారు."

ఇదంతా విన్నాక బుల్లికి మొదట కలిగింది ఊరట. ఆ నాలుగింతలు తన ఒంటి మీద పడలేదు. కడుపులో ఏమైనా ఉంటే దాని జోలికి పోలేదు. ఆ ఊరట అంతలోనే చేదైపోయింది. తనకి ఇప్పుడు తెలిసింది, ఎదురుగా ఉన్న మనిషికి సోమవారమే తెలుసు.

"బ్యాడ్జీ తీసుకున్నావు, పోనీ" అంది. "నేను నీకు ఆదివారం చెప్పాను, అక్కా. నీకొక్కదానికే చెప్పాను."

పెద్దక్క కాళ్ళ తొడుగుల సంచి మూతి ముడేసింది.

"దుప్పట్ల గదిలో నా వీపు నిమిరావు. ఏం కాదులే అన్నావు. ఎందుకు కాదో నీకు తెలుసు. తెలిసీ నన్ను భయపడనిచ్చావు."

"చెబుదామనే అనుకున్నానే. ప్రతి పూటా అనుకున్నాను."

"నిర్లక్ష్యం అని రాయించావు. నా చేత్తో."

పెద్దక్క దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ, బుల్లి చెవి మీద పడ్డ జుట్టు వెనక్కి తోయబోయింది. బుల్లి తల పక్కకి జరిపింది. మూడేళ్ళలో అలా జరగడం అదే మొదలు. ఆ చెయ్యి గాల్లో ఆగి, మీటరు మీదకి వెళ్ళి, మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు జేబులోకి వెళ్ళింది. ఏడాది చివరి దాకా ఆగవే, నాలుగు నెలలు, ఆ తర్వాత నేనే చెప్పుకుంటాను, అంది. బుల్లి ఎప్పుడూ వినని గొంతు అది. ఆ బల్ల దగ్గర డాక్టర్ల పెన్నులు ఆపిన గొంతు కాదు.

"ఆ పడిందంతా ఎక్కడికీ పోలేదు, అక్కా" అంది బుల్లి. "నీ ఒంట్లోనే ఉంది. కాగితం మీద నా పేరు రాస్తే అది నాకు వచ్చెయ్యదు."

*

లెక్కల మాస్టారి గది మెట్ల కింద ఉంటుంది. బుల్లి అడిగితే ఆయన సంజాయిషీ కాగితం తీసిచ్చి, ఏమైందమ్మా అన్నారు. బుల్లి దాన్ని చింపలేదు. తన సంతకం కింద ఒక వాక్యం చేర్చింది. సెలవులో ఉన్న పది రోజులూ ఈ బ్యాడ్జీ నా ఒంటి మీద లేదు, ఆ రోజుల్లో గదిలో వాడారు, చూసినవాళ్ళున్నారు. పైన నిర్లక్ష్యం అన్న మాటని ఒక గీతతో కొట్టేసి, పక్కన తారీఖు వేసింది.

మాస్టారు చదివారు. సొరుగులోంచి బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టి, దారం వైపు చాలాసేపు చూశారు. ఎవరని అడిగారు. బుల్లి పేరు చెప్పబోయింది. అక్కా అన్న పిలుపు తప్ప నోట్లోకి ఇంకేదీ రాలేదు, ఆ పిలుపుతో ఫిర్యాదు చెప్పడం చేతకాలేదు.

"నాలుగో నంబరుకి రక్త పరీక్ష చేయించండి, మాస్టారూ" అంది చివరికి. "ఇవాళే చేయించండి. ఎన్ని నెలల్నుంచి ఇలా జరుగుతోందో నాకు తెలీదు."

ఆయన చిట్టా తెరిచి, సోమవారం తను మెచ్చుకున్న ఆ చిన్న అంకె మీద వేలు పెట్టారు. తియ్యలేదు.

బుల్లి వార్డులోకి తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు కాస్తా ఇరవై అయింది. దారిలో ఫోను మోగింది. మొగుడు. సాయంత్రం త్వరగా రమ్మనీ, ఇంట్లో ఇద్దరూ కలిసి చూడాల్సినది ఒకటుందనీ చెప్పింది. కొత్త కప్పా అన్నాడాయన ఆశగా. ఏమో, చూద్దాం, అంది. ఫోను పెట్టేశాక కళ్ళు తుడుచుకుంది.

నర్సుల బల్ల మీద పెద్దక్క టిఫిన్ డబ్బా ఉంది. మూత వెయ్యకుండా, సగం మిగిల్చి. బుల్లి మూత వేసింది. పెద్దక్క పేరున్న వైపు తిప్పి పక్కకి జరిపింది.

టైలరు బాబాయి మేలుకునే ఉన్నాడు. ఆవిణ్ణి తిట్టావా ఏమిటి, దారానికే అంత గొడవెందుకు తల్లీ, ఇంకో బొబ్బిన్ తెప్పిస్తాను, అన్నాడు.

"నేను ఎవరికీ ఇవ్వలేదు, బాబాయ్" అంది. "అది మాత్రం గుర్తుపెట్టుకోండి."

దుప్పటి కొస పైకెత్తి పాదం మీద నాడి వెతికింది. బొటనవేలి ఎముక పక్కన, ఆ చిన్న పల్లంలో, రెండు వేళ్ళు, బరువు వెయ్యకుండా ఆనించాలి. వేళ్ళు వినాలిగాని నొక్కకూడదే, అని మొదటిరోజు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని చూపించింది పెద్దక్క. ఇంకోలా చూడటం బుల్లికి రాదు. ఆ పద్ధతిలోనే ఆనించింది. నాడి దొరికింది, సన్నగా, ఆగకుండా. గడియారం చూసుకుంటూ లెక్కపెట్టి కాగితం మీద రాసింది. ఇంకా నాలుగు గంటలుంది.